అడుగులకి అరిసెలు: బరంపురంలో మా ఇంటి పసివాళ్లు

మొన్న మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మా మనవడు గోడ వదిలేసి నడిచాడు. వంటింటి గడప దగ్గర్నించి నాలుగడుగులు వేసి నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. పడ్డవాడు ఏడవలేదు, తనకి తనే చప్పట్లు కొట్టుకున్నాడు. మా ఇంట్లో పసివాడు తప్పటడుగులేసి ముప్ఫై ఏళ్లు దాటింది. ఆఖరున నడిచింది వీళ్ల నాన్నే. అందుకని నాకు కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత లేచి వెళ్లి బియ్యం నానబోశాను.

బియ్యం దేనికో మన పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. అడుగులేస్తే అరిసెలు. కానీ ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి ఇది తెలీదు కాబట్టి ఓపిగ్గా రాస్తున్నాను. పసివాడి ఒక్కో ఎదుగుదలకీ ఒక్కో పిండివంట అని మన ఇళ్లల్లో లెక్క ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు. అడుగులేస్తే అరిసెలు. పలుకులొస్తే పంచదార చిలకలు. మధ్యలో కూర్చున్నప్పుడూ, పాకినప్పుడూ, గడప దాటినప్పుడూ ఏం చెయ్యాలన్నది ఇంటింటికీ మారుతుంది. మా ఇంట్లో గడప దాటితే గారెలు. చూడండి, ప్రతిదాంట్లోనూ మొదటి అక్షరం కలుస్తుంది. అక్షరం ముక్క రాని నాయనమ్మలు కూడా మర్చిపోకుండా నలుగురు పిల్లలకీ, పదిమంది మనవలకీ ఇవన్నీ జరిపించారంటే ఆ కలుపే కారణం అనుకుంటాను. ఇదే ఒరియాలోకి మార్చి చెప్పి చూడండి, కలవదు. తెలుగులో అంటేనే గుర్తుంటుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది కూడా అదే. మనలాంటి ఊళ్లల్లో తెలుగు నిలిచిందంటే బడివల్ల నిలిచింది కొంత, గుడివల్ల కొంత. ఎక్కువ భాగం మాత్రం పిల్లాడు వీధిలోకి వెళ్లకముందు ఇంట్లో గడిపే ఆ రెండు మూడేళ్లల్లోనే నిలిచింది. దానికి మా ఇంటి కథే చెప్తాను.

1936లో నడిచిన పసివాడు

మదురై, కోయంబత్తూరు వైపు తెలుగు కుటుంబాలు చాలావాటికి నాయకరాజుల కాలంలో పెద్దలు వలస వెళ్లిన కథ ఉంటుంది. షోలాపురం పద్మశాలీలకి మగ్గం పట్టుకుని వెళ్లిన కథ ఉంటుంది. బరంపురం తెలుగువాళ్లల్లో మా బోటి కుటుంబాలకి అలాంటి ప్రయాణం కథ లేదు. మేము ఉన్నచోటే ఉన్నాం, సరిహద్దు గీత మమ్మల్ని దాటి దక్షిణానికి వెళ్లింది.

బరంపురం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. మా నాన్నగారు 1935 మొదట్లో ఇక్కడే పుట్టారు. 1936 ఏప్రిల్ 1, బుధవారం నాడు ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది. గంజాం జిల్లాలో చాలా భాగం అందులోకి వెళ్లింది. బరంపురమూ వెళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. అవే తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. ఇచ్ఛాపురం మాకు గంటలోపు దూరం. మా మామ్మ పుట్టిల్లు అటువైపు, అత్తిల్లు ఇటువైపు.

ఆ రోజుకి మా నాన్నగారికి పద్నాలుగో నెల. ఉగాది వెళ్లిన కొద్ది రోజులకే ఆయన నడిచారట. మామ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. సందు చివర్నించి వాళ్లత్తగారు పరిగెత్తుకొచ్చి, "ఏటర్రా, అడుగులేసీసినాడా గుంటడు!" అని గుమ్మంలోనే కొంగు నడుముకి దోపుకుందట. ఆ పూటే బియ్యం నానబోశారు. మర్నాడు రోట్లో పిండి కొట్టారు, పాకం పట్టారు. అరిసెలు వండి వీధిలో పంచేసరికి తారీకు మారింది, రాష్ట్రమూ మారింది. "పిండి మద్రాసులో కొట్టీసినాం, అరిసెలు ఒరిస్సాలో పంచీసినాం" అని మామ్మ నవ్వేది. నిజంగా తారీకులు అంత కచ్చితంగా కలిశాయో, మామ్మే కలిపిందో, ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు. మా ఇంట్లో మాత్రం 1936 అంటే ఆ అరిసెలే.

ఆ కథలో తమాషా ఏమిటంటే, పెద్దవాళ్లెవరూ రాష్ట్రం మారిందని ఏడ్చినట్టు మామ్మ ఎప్పుడూ చెప్పలేదు. బాధ లేకపోయి కాదు. బంధువులందరూ అటే ఉన్నారు. కోర్టు కాయితాలు ఏ భాషలో నడుస్తాయో, పిల్లలకి ఏ బడి దొరుకుతుందో అని మగవాళ్లు అరుగు మీద కూచుని మాట్లాడుకునేవారట. ఇంట్లో ఆడవాళ్లకి మాత్రం నడక నేర్చిన పిల్లాడితో సరిపోయేది. నూతి గట్టు దగ్గరికి పోతాడు, పొయ్యి దగ్గరికి పోతాడు. రాష్ట్రం గురించి ఆలోచించే తీరికెక్కడిది?

వెళ్లిపోయిన పంతులుగారు

అదే సమయంలో పర్లాకిమిడిలో ఒక పెద్దాయన ఇల్లు విడిచి వెళ్లిపోయారు. ఆయనే గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడి రాజావారి బళ్లో పంతులుగా చేరి జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపారు. పుస్తకాల్లో రాసే తెలుగు మనుషులు మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉండాలని పోరాడిన మనిషి. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు.

మన ఇళ్లల్లో పసిపిల్లలకి సంబంధించినంతవరకూ ఆయన చేసిన ఇంకో పని నాకు పెద్దదిగా కనిపిస్తుంది. కొండల్లో ఉండే సవరల భాష ఆయన కష్టపడి నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్లింట్లో మాట్లాడే మాటలోనే చదువు మొదలవ్వాలని ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది. తెలుగుకోసం అంత పోట్లాడిన మనిషి, పక్కవాళ్ల పిల్లల నోటి మాటకి కూడా అంతే విలువ ఇచ్చారు.

పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకి ఇష్టంలేదు. కొత్త రాష్ట్రం ప్రారంభోత్సవానికి ముందే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకి 72 ఏళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

చరిత్ర పుస్తకాల్లో ఆ ప్రయాణం ఉంటుంది, ఉండాల్సిందే. ఇల్లు కదలకుండా ఉండిపోయిన మా మామ్మ లాంటివాళ్ల సంగతి ఎక్కడా ఉండదు. ఆవిడకి చంకలో పిల్లాడు, దూలానికి చీర ఉయ్యాల, దొడ్లో ఆవు. అవన్నీ వదిలి ఎక్కడికెళ్తుంది? ఉన్నచోటే ఉండి, పిల్లాడికి బువ్వ అనీ, లాల అనీ, జేజ అనీ చెప్పుకుంటూ కూచుంది. మా నాన్నగారు తర్వాత ఒరియా బళ్లో చదివి, ఒరియాలో ఉద్యోగం చేసి, ఎనభై ఏళ్లు దాటాక కూడా నిద్రలో పలవరిస్తే తెలుగులోనే పలవరించేవారు.

చందమామ, జహ్నమాము

నా చిన్నప్పటికి, అంటే 1960ల చివర, ఇంట్లో రెండు భాషలూ కలిసిపోయాయి. నాన్నగారు మమ్మల్ని "టికే ఆగు" అనేవారు. టికే అంటే ఒరియాలో కాస్త. అది ఒరియా మాట అని నాకు పదేళ్లొచ్చేదాకా తెలీదు.

మా ఇంటికి చందమామ వచ్చేది. పక్కింటికి జహ్నమాము వచ్చేది. చందమామని నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో 1947 జూలైలో మొదలుపెట్టారు. అదే నెలలో తమిళంలో అంబులిమామ వచ్చింది. తర్వాత మిగతా భాషలతో పాటు ఒరియాలోనూ వచ్చింది. మేమూ పక్కింటి పిల్లలూ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లం. బొమ్మ ఒకటే, కింద అక్షరాలు వేరు. నేను ఒరియా అక్షరాలు కూడబలుక్కోవడం అలాగే నేర్చుకున్నాను. పక్కింటి అమ్మాయి తెలుగులో తన పేరు రాసుకోవడం కూడా అలాగే.

ఒక సంగతి గమనించారా? చంద్రుడు మనకి మామ. ఒరియావాళ్లకీ మాము, తమిళంలోనూ మామే. పసివాడికి వెన్నెల్లో అన్నం తినిపించే అమ్మకి ఆ చంద్రుడు అన్నో తమ్ముడో అన్నమాట. ఏ రాష్ట్రంలో ఉన్నా, అత్తవారింట్లో ఉన్న ఆడపిల్ల పిల్లాడికి అన్నం పెడుతూ తలుచుకునేది పుట్టింటి మనిషినే.

మా ఊరి అమ్మవారు కూడా అంతే. బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి చైత్రమాసంలో వస్తుంది. అమ్మవారు గుడి వదిలి, పట్టు నేసేవాళ్ల పెద్ద అయిన దేశీబెహరా వీధికి కూతురిలా పుట్టింటికొస్తుంది. అన్ని రోజులూ ఊరంతా వేషాలే. పులివేషం చూసి నేను ఏడిస్తే నాన్నగారు నన్ను భుజాన ఎక్కించుకుని, ఆ పులికాయన చేతే నా చేతిలో బెల్లంముక్క పెట్టించారు. మా అబ్బాయి కూడా అదే వీధిలో అలాగే ఏడిచాడు. వచ్చే జాతరకి వీడి వంతు.

నేను చేసిన తప్పు

ఇక మా మనవడి దగ్గరికి వస్తాను. మా కోడలు కటకం అమ్మాయి. ఒరియా పిల్ల. నన్ను వాళ్ల పద్ధతిలో "మా" అంటుంది. మా ఇంటికొచ్చాక విని విని తెలుగు నేర్చుకుంది. ఎవరూ నేర్పమనలేదు, తనకే సరదా.

వాడు పుట్టిన ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం. ఒరియావాళ్లకీ ఇరవై ఒకటో రోజునే ఎకోఇశా. అందుకని వియ్యాలవారూ మేమూ ఒకే ఉయ్యాలలో వేసి రెండు విధాలా పేరు పిలిచాం. అంతవరకూ బాగానే ఉంది.

ఒరియా క్రియల్లో ఆడా మగా తేడా లేదు. వచ్చాడు అన్నా వచ్చింది అన్నా వాళ్లకి ఒకటే మాట. అందుకని మా కోడలు "బాబు పాలు తాగింది", "బాబు పడుకుంది" అనేది. నేను ఊరుకోవచ్చు కదా! "తాగింది కాదమ్మా, తాగాడు" అని దిద్దాను. చుట్టాల ముందు దిద్దాను, పనమ్మాయి ముందు దిద్దాను. పిల్లాడికి మంచి తెలుగు రావాలి కదా అని నా ఉద్దేశం. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. మెల్లిగా వాడితో ఒరియాలోనే మాట్లాడ్డం మొదలుపెట్టింది. మా అబ్బాయి పొద్దున్న వెళ్తే రాత్రికొస్తాడు, వచ్చాక భార్యతో ఒరియాలోనే మాట్లాడతాడు. దసరాకల్లా ఇంట్లో ఆ పసివాడితో తెలుగు మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నాకు మోకాళ్ల నొప్పులు. రోజుకి గంటో రెండు గంటలో వాణ్ణి ఎత్తుకుంటాను. ఆ గంట తెలుగుతో వాడు ఏమాత్రం నేర్చుకుంటాడు?

రాష్ట్రం మారినా పోనిది, ఒరియా బడి వల్ల పోనిది, నా నోటివల్ల పోయేలా ఉందే అని ఆ రోజుల్లో నిద్రపట్టేది కాదు.

ఒక రాత్రి వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఉయ్యాల ఊపుతూ, అనుకోకుండా మామ్మ మాట నా నోట్లోంచి వచ్చింది. "బిడ్డ ఏడుస్తోంది, బిడ్డకి ఏటయిందో." అక్కడే ఆగిపోయాను. బిడ్డ ఏడుస్తోంది, బిడ్డ పడుకుంది. మగపిల్లాడైనా బిడ్డ అన్నప్పుడు మనం కూడా అలాగే అంటాం కదా! మా మామ్మ జన్మంతా మా నాన్నగారి గురించి అలాగే చెప్పింది. మా కోడలు బాబు అన్నచోట బిడ్డ అని ఉంటే నేను దిద్దడానికి ఏమీ లేదు. ఆ లెక్కన "టికే ఆగు" అన్న మా నాన్నగారిని కూడా నేను దిద్దాలి.

పొద్దున్నే కోడలికి చెప్పాను. క్షమించమని అడగడం మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి అలవాటు లేని పని, నాకూ సరిగ్గా రాలేదు. "నీకు ఎలా వస్తే అలా మాట్లాడమ్మా, నేనింక ఏమీ అనను" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఊరుకుని, "అయితే నేను అన్నది తప్పు కాదా, మా?" అంది. కాదన్నాను. నవ్వలేదు, ఏడవలేదు, గిన్నె తీసుకుని లోపలికెళ్లింది. పదిహేను రోజుల దాకా మార్పేమీ లేదు. తర్వాత ఒక సాయంత్రం దొడ్లోంచి, "కాకమ్మ వచ్చాడు చూడు" అని వినిపించింది. నేను నోరు మూసుకుని బియ్యం ఏరుకున్నాను.

పక్కింటి జెజె

ఆ తర్వాత ఇంట్లో సందడి పెరిగింది. పక్కింట్లో ఒక ఒరియా పెద్దాయన ఉంటారు. ఒరియాలో తాతని జెజె అంటారు. ఒకరోజు వాళ్ల మనవరాలు మా గుమ్మంలో నిలబడి "జెజె ఆసిలే" అని అరిచింది, తాత వచ్చారు అని. మావాడికి జేజ అంటే దేవుడు. రోజూ పొద్దున్నే దీపం దగ్గర జేజ పెట్టించే అలవాటు చేశాను. ఆ మాట వినగానే వాడు చేసే పని ఆపి, ఆ పెద్దాయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత కళ్లొత్తుకున్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ నమస్కారం కోసమే వస్తున్నారేమో అని మా అబ్బాయి వేళాకోళం.

కార్తీక బహుళ అష్టమి ఒరియావాళ్లకి మార్గశిర అష్టమి. వాళ్ల నెల పున్నమితో మారుతుంది. ఆ రోజు వాళ్లు ప్రథమాష్టమి చేస్తారు. ఇంట్లో మొదట పుట్టిన పిల్లకో పిల్లాడికో మేనమామ ఇంటినించి కొత్తబట్టలొస్తాయి, హారతిస్తారు, పసుపాకుల్లో ఎండురి పిఠా ఆవిరి మీద వండుతారు. కటకం నించి వీడి మేనమామ చొక్కా పంపాడు. పక్కింటావిడ పసుపాకులు తెచ్చి దగ్గరుండి వండించింది. ఇల్లంతా పసుపాకు వాసన. రెండు నెలలు తిరక్కుండా భోగి వచ్చింది. అప్పుడు నేను వాణ్ణి పీట మీద కూచోబెట్టి రేగిపళ్లూ, చెరుకుముక్కలూ, పూలరెక్కలూ, చిల్లరపైసలూ తలమీంచి పోశాను. ఆ పక్కింటావిడే రెండో దోసిలి పోసింది. వాడు రేగిపండు నోట్లో పెట్టుకోబోతే ముగ్గురం ఒకేసారి మూడు రకాలుగా అరిచాం.

అరిసెలు

మాఘంలో నడిచాడని మొదట్లో చెప్పాను కదా. నానిన బియ్యం వడకట్టి, తడి ఆరకుండానే పిండి పట్టించి జల్లించాను. పాకం పట్టేటప్పుడు కోడలు పక్కనే నిలబడింది. పాకం చుక్క నీళ్లల్లో వేస్తే మెత్తటి ఉండలా చేతికి రావాలి, ముదిరితే అరిసె రాయి అవుతుంది. "మా అమ్మ కూడా ఇలాగే చూస్తుంది, మేము ఆరిసా పిఠా అంటాం" అంది. అవును, బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, పేరుతో సహా అదే అరిసె. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తేల్చాల్సిన పని మా ఇద్దరికీ కనిపించలేదు.

చాప మీద వరసగా అరిసెలు పెట్టి, పైన పల్చటి కొత్తగుడ్డ పరిచి, వాడి చేత నడిపించాం. మూడో అరిసె మీద కూచుండిపోయాడు. మిగతావి పళ్లెంలో పెట్టుకుని వీధిలో పదకొండిళ్లకి కోడలే తీసుకెళ్లింది. కొన్ని గుమ్మాల దగ్గర "అడుగులేశాడండీ" అంది, కొన్ని గుమ్మాల దగ్గర ఒరియాలో చెప్పింది. పక్కింటి జెజె మాత్రం రెండు అడిగి తీసుకున్నారట.

వాడికి పలుకులింకా రాలేదు. అమ్మ అంటాడు, మా అంటాడు, జేజ అంటాడు. మిగతాదంతా వాడి సొంత భాష. పంచదార చిలకలు ఇచ్ఛాపురం నించి తెప్పించాలని మా అబ్బాయికి ఇప్పటికే చెప్పాను. మొదటి మాట ఒరియాలో వచ్చినా సరే, చిలకలు పంచుతాను.

మీ ఇంట్లో ఎవరైనా పసివాళ్లుంటే, పాకితే ఏం వండేవారో, కూర్చుంటే ఏం పెట్టేవారో పెద్దవాళ్లని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. మా మామ్మ పాకినప్పుడు ఏం వండేదో నేను అడగలేదు. ఇప్పుడు అడగాలన్నా చెప్పేవాళ్లు లేరు.